స్కిమ్మర్ లేదు, సంప్ లేదు: 20 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్‌తో ఇన్నేళ్ళు

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. తక్కువ సామాన్లతో ఇంట్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంక్ (పగడాలు, సముద్రపు చేపలు ఉండే అక్వేరియం) పెట్టుకోవచ్చు, అది ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది కూడా. కానీ తగ్గేది సామాన్ల ఖర్చే, పని తగ్గదు. మెషీన్ చేయాల్సిన పని మీరు బకెట్ పట్టుకుని చేస్తారు. ఆదివారం పొద్దున్నే బకెట్లు మోయడమంటే విసుగొచ్చే మనిషైతే మంచినీళ్ళలో గప్పీలు పెంచుకోండి, హాయిగా ఉంటుంది.

మేముండేది డాలస్ దగ్గర. 2020 లాక్‌డౌన్‌లో ఇక్కడ సగం మంది రొట్టెలు కాలుస్తుంటే నేను ఈ ట్యాంక్ మొదలుపెట్టాను. 20 గ్యాలన్ లాంగ్ అంటారు, 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు, మన లెక్కలో 75 లీటర్లు. ఎత్తు తక్కువ కావడమే దీని సుగుణం. ఖరీదైన లైట్ లేకపోయినా వెలుతురు అడుగుదాకా దిగుతుంది, చెయ్యి పెడితే ప్రతి మూలా అందుతుంది. నీళ్ళు, రాయి, ఇసుక అన్నీ కలిపితే 100 కేజీలు దాటుతుంది కాబట్టి ఇంట్లో ఉన్న టీవీ స్టాండ్ మీద పెట్టేద్దాం అనుకోకండి.

సామాన్లు: వెనక తగిలించే ఆక్వాక్లియర్ 70 ఫిల్టర్, నీటిని కదిలించే చిన్న పవర్‌హెడ్, హీటర్, దానికి విడిగా ఒక టెంపరేచర్ కంట్రోలర్, మామూలు ఎల్ఈడీ లైట్. తర్వాత కొన్నది ఆవిరైన నీటిని దానంతట అదే నింపే ఏటీవో ఒక్కటే. స్కిమ్మర్ (బుడగలతో నీటిలోని మురికిని నురగగా తీసే మెషీన్) లేదు, కింద సంప్ (ఫిల్టర్ సామాన్లు పెట్టే రెండో ట్యాంక్) లేదు, కాల్షియం లాంటివి కొలిచి పోసే డోసింగ్ పంపులు లేవు, ఫోన్‌లో గ్రాఫులు చూపించే యాప్ లేదు. ఇదేదో ఇప్పుడు పుట్టిన పొదుపు పద్ధతి కూడా కాదు. ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1960ల మొదట్లోనే సముద్రంలోని రాళ్ళు, గాలి బుడగలు, ఎండ, వీటితోనే పగడాలను బతికించి చూపించాడు. ఈ సామాన్లలో చాలా భాగం ఆ తర్వాత వచ్చినవే.

అసలు ఫిల్టర్ ట్యాంక్‌లో పెట్టే రాయే. లోపలంతా సన్నటి రంధ్రాలు, వాటిలో బాక్టీరియా. చేప వదిలిన అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అవే. పొడి రాయితో మొదలుపెడితే ఆ బాక్టీరియా కుదురుకోడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, సీసాలో దొరికే బాక్టీరియా పోస్తే ఇంకొంచెం తొందరగా అవుతుంది. అప్పటిదాకా ఖాళీ ట్యాంక్‌ని చూస్తూ కూర్చోవాలి. ఆ తర్వాత కూడా సంతోషం వెంటనే రాదు. ముందు ఇసుక మీద గోధుమరంగు డయాటమ్స్ వస్తాయి, తర్వాత పచ్చటి జుట్టులాంటి నాచు, అదృష్టం బాగోకపోతే ఎర్రటి జిగురు పొరలా సయానో అనే బాక్టీరియా. మొదటి ఏడాదిలో చాలామంది అమ్మేసేది ఈ దశలోనే, అలా అమ్మేసినవాళ్ళ దగ్గరే నా రాళ్ళు సగం కొన్నాను.

మా బాబాయికి భీమవరం దగ్గర వనామి చెరువులున్నాయి. నిజం చెప్పాలంటే ఇక్కడి షాపుల్లో కుర్రాళ్ళకన్నా ఆయన చెప్పిందే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ఏమ్మా, సెలినిటీ ఎంత పెట్టావు?" 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు ఉప్పు) అంటే నవ్వాడు, "అంత ఉప్పు దేనికి, నా చెరువులో పది కూడా ఉండదు" అని. కానీ మిగతాదంతా ఇద్దరిదీ ఒకటే. అమ్మోనియా కనిపిస్తే ముందు మేత ఆపు, తర్వాతే మందు సంగతి అన్నాడు. ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉండేది తెల్లవారుజామున, వాళ్ళు ఏరేటర్లు రాత్రంతా తిప్పేది అందుకే. ట్యాంక్‌లోనూ అంతే, లైట్ ఆరితే నాచూ పగడాలూ కూడా ఆక్సిజన్ పీల్చడమే తప్ప ఇచ్చేది ఉండదు. అందుకే నా పవర్‌హెడ్ పైకి తిరిగి ఉంటుంది, నీటి పైభాగం ఎప్పుడూ అలలు కొడుతూ ఉండేలా. స్కిమ్మర్ లేని ట్యాంక్‌లో ఇది తప్పనిసరి.

నీళ్ళ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఇక్కడి కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది, పైగా సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళు. మొదట్లో కిరాణా షాపు బయట మెషీన్ దగ్గర ఆర్వో నీళ్ళు పట్టుకునేదాన్ని. కానీ ఆ మెషీన్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో దేవుడికే తెలియాలి, ఒకరోజు నీళ్ళలో ఎంత కరిగి ఉందో చూపే టీడీఎస్ మీటర్ పెడితే చాలా ఎక్కువ చూపించింది. తర్వాత ఇంట్లోనే ఆర్వో డీఐ యూనిట్ (ఆర్వో తర్వాత మిగిలినదాన్ని కూడా తీసేసేది) పెట్టుకున్నాను, టీడీఎస్ సున్నా వస్తుంది. వృథాగా పోయే నీళ్ళు ఒక గ్యాలన్‌కి మూడు నాలుగు గ్యాలన్లు ఉంటాయి, అవి కరివేపాకు కుండీలకీ, పెరట్లో గడ్డికీ పోస్తున్నాం. ఉప్పు ఇన్‌స్టంట్ ఓషన్ వాడతాను, అందరూ వాడే మామూలుది. లీటరుకి సుమారు 35 గ్రాములు. వంటింటి ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ (నీటి పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) ఉండవు, కాబట్టి ఆ ప్రశ్న అడగకండి, చాలామంది అడిగారు. 160 గ్యాలన్ల నీళ్ళకి సరిపడే డబ్బా కొంటాను, వారానికి 3 గ్యాలన్ల చొప్పున మారిస్తే ఇంచుమించు ఏడాది వస్తుంది.

ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనండి, ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ వద్దు. రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూసుకోవాలి. మంచినీటితో సున్నా దగ్గర సరిపెడితే 35 దగ్గర తేడా రావచ్చు. ఇంకో విషయం, కొత్తవాళ్ళకి అస్సలు తట్టనిది: ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేర నింపాల్సింది మంచినీళ్ళు. ఉప్పునీళ్ళు పోసుకుంటూ పోతే వారం తిరిగేసరికి ట్యాంక్ ఊరగాయ జాడీ అవుతుంది. ఎండాకాలంలో నీళ్ళు చల్లబడటానికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుంది కానీ రోజుకి రెండు లీటర్ల దాకా ఆవిరైపోతుంది. ఏటీవో కొన్నది ఇందుకే, ఈ పద్ధతిలో ఒప్పుకోదగ్గ ఒకే ఒక్క ఆటోమేటిక్ వస్తువు అదేనని నా అభిప్రాయం.

హీటర్ గురించి కోపంగానే రాస్తున్నాను. మొదటి హీటర్ ఆన్‌లోనే ఇరుక్కుపోయింది. లోపలి థర్మోస్టాట్ పాడైతే అది ఆగకుండా వేడి చేస్తూనే ఉంటుంది, చిన్న ట్యాంక్ అయితే ఒక్క రాత్రిలో అంతా ఉడికిపోతుంది. విడిగా ఉన్న కంట్రోలర్ 26 డిగ్రీల దగ్గర కరెంటు ఆపేసింది కాబట్టి బతికాయి. కంట్రోలర్ 35 డాలర్లో ఎంతో అయింది. లైట్ మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించుకుని అయినా ఇది కొనండి. అలాగే ప్రతి వైరూ ప్లగ్‌కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళాలి, వైరు వెంట కారే ఉప్పునీళ్ళు ప్లగ్‌లోకి పోకుండా. ఉప్పు ఎక్కడెక్కడో తెల్లగా పేరుకుంటుంది, వారానికోసారి తుడవక తప్పదు.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుపాను వచ్చినప్పుడు లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, మాకూ పోయింది. హైదరాబాద్‌లో అయితే ఇన్వర్టర్ ఉండేది, అమెరికాలో కొవ్వొత్తులు వెతుక్కున్నాం. ఇల్లే ఫ్రిజ్‌లా ఉంది, ట్యాంక్ సంగతి అడగొద్దు. అప్పుడు తెలిసిందేంటంటే చల్లబడటం నెమ్మదిగా జరుగుతుంది, ఊపిరాడకపోవడం మాత్రం చాలా త్వరగా జరుగుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి చేపలు పట్టేవాళ్ళ సామాన్ల షాపులో ఎప్పుడో కొని ఉంచాను, ట్యాంక్‌ని కాపాడింది అదే. చుట్టూ దుప్పట్లు చుట్టాం, గ్యాస్ స్టవ్ అగ్గిపుల్లతో వెలిగించి నీళ్ళు కాచి సీసాల్లో పోసి మూత బిగించి ట్యాంక్‌లో తేలేశాం. మా ఆయన మనకి కాఫీ ముందా, చేపలకి వేడినీళ్ళు ముందా అని అడిగాడు, జవాబు చెప్పకుండానే ఆయనే సీసా నింపాడు. 20 డిగ్రీల దాకా పడిపోయింది. జోవాలు (జోవాంథిడ్లు అనే మెత్తటి పగడాలు) వారం రోజులు విచ్చుకోలేదు, కెన్యా ట్రీ అనే మెత్తటి పగడం ముడుచుకుపోయింది, కానీ ఒక్కటీ చావలేదు. మెత్తటి పగడాలతోనే సరిపెట్టుకోమని నేను అందరికీ చెప్పేది అందుకే, గట్టి పగడాలు, ముఖ్యంగా కొమ్మల్లా పెరిగే అక్రోపోరాలు అయితే ఈ పాటికి తెల్లటి ఎముకలే మిగిలేవి.

పగడాల్లో నా దగ్గరున్నవి జోవాంథిడ్లు, మష్రూమ్‌లు, కెన్యా ట్రీ, ఒక టోడ్‌స్టూల్ లెదర్, గ్రీన్ స్టార్ పాలిప్స్. ఇవి కాల్షియం, ఆల్కలినిటీ పెద్దగా లాగవు, వారం వారం నీళ్ళు మార్చితే అదే భర్తీ అవుతుంది. ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలమానం) మధ్య ఉంటే చాలు. ముక్క 10, 20 డాలర్లకి దొరికేవి తీసుకోండి. సినిమా పేర్లలాంటి పేర్లు పెట్టి ఒక్కో పాలిప్ వందల డాలర్లకి అమ్మే జోవాల జోలికి వెళ్ళొద్దు, నీలం లైట్ ఆర్పేస్తే అవీ ఇవీ చాలా వరకు ఒకలాగే ఉంటాయి. గ్రీన్ స్టార్ పాలిప్స్ మాత్రం గోదావరి కాలవల్లో గుర్రపుడెక్క పాకినట్టు పాకుతుంది, దాన్ని మిగతా రాళ్ళకి తగలకుండా ఇసుక మధ్యలో విడి రాయి మీద పెట్టండి. జీనియా అనే మెత్తటి పగడం కూడా అంతే అంటారు, నేను తెచ్చుకోలేదు.

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. జోవాంథిడ్లలో, ముఖ్యంగా వాటిలో పాలీథోవా అనే రకంలో, పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. అవి ఉన్న రాయిని ఉడకబెట్టడం, వేడినీళ్ళు పోయడం, బ్రష్‌తో బరబరా రుద్దడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకి కుటుంబాలే ఆస్పత్రిలో చేరిన సందర్భాలున్నాయి. కోసేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకోండి. ఇండియా నుంచి అమ్మ వచ్చి, సింక్ పక్కన పాచిపట్టిన రాయి కనపడగానే వేడినీళ్ళతో కడిగేద్దామనుకునే ఇళ్ళు మనవి, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

చేపలు మూడే. రెండు ఆసెల్లారిస్ క్లౌన్‌లు (నిమో సినిమాలోలాంటి చేపలు), హేచరీలో పుట్టినవే. సముద్రంలో పట్టినవి చౌకగా దొరికినా కొనను, వచ్చిన వారానికే జబ్బులు బయటపడతాయి. క్లౌన్‌లన్నీ మగవిగానే మొదలవుతాయి, జంటలో పెత్తనం చేసేది ఆడదవుతుంది. మా ఇంట్లో ఆడది నా చెయ్యి కూడా కొరుకుతుంది. మూడోది ఒక గోబీ, దాంతో కాపురముండే పిస్టల్ ష్రింప్. ఆ రొయ్య రాత్రిళ్ళు కొట్టే టక్ శబ్దానికి మా మామయ్యగారు గ్లాసు పగిలిందనుకుని రెండుసార్లు లేచారు. పిల్లలు నీలం టాంగ్ అనే చేపని అడుగుతారు, 20 గ్యాలన్లలో అది పెట్టడం పాపం, దానికి ఆరడుగుల ట్యాంక్ కావాలి. ఎనిమోన్ (పువ్వులా కనిపించే, కుట్టే సముద్ర జీవి) కూడా వద్దు. అది రాత్రికి రాత్రి నడిచి వెళ్ళి పవర్‌హెడ్‌లో పడి ముక్కలైతే ట్యాంక్ మొత్తం పోతుంది. మా క్లౌన్‌లు లెదర్ పగడంలోనే పడుకుంటున్నాయి, వాటికేం లోటు లేదు.

చాలామంది నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి తెచ్చేసి మురిసిపోతారు. అంత శుభ్రమైన నీళ్ళలోనే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) వస్తాయి, అవి నాచుకన్నా పదిరెట్లు తలనొప్పి. మెత్తటి పగడాలకి కొంచెం మురికి కావాలి. నా నైట్రేట్ 5 నుంచి 10 మధ్య ఉంటుంది, దాన్ని తగ్గించే ప్రయత్నమే చేయను. స్కిమ్మర్ లేకపోవడం ఇక్కడ లాభమే.

నిజమైన టెన్షన్ ఇండియా ట్రిప్. అయిదారు వారాలు ఇల్లు వదిలి వెళ్ళాలంటే ఏటీవోకి పెద్ద డబ్బా పెట్టి, మాత్రలు పెట్టుకునే వారం డబ్బాలో మేత కొలిచి పెట్టి, మిగతా మేత దాచేసి వెళ్తాను. దాచకపోతే ఫ్రెండ్స్ జాలిపడి ఎక్కువ వేస్తారు. మధ్యలో ఒక్కసారైనా నీళ్ళు మార్చే మనిషి కావాలి, అలాంటి ఫ్రెండ్ లేకపోతే ఈ హాబీలోకి రావడం కష్టమే. కరెంటు ఖర్చు నెలకి 6 నుంచి 8 డాలర్లు, దాని గురించి బాధ లేదు.

ఊళ్ళో వాళ్ళు, ముఖ్యంగా వైజాగ్ కజిన్స్, మేమూ పెడతాం అంటున్నారు. అక్కడ సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూల్ అది. ఒడ్డున దొరికిందని పగడపు రాయి ఇంటికి తెచ్చుకోవడం కూడా ఇబ్బందే. అక్కడైతే సిరామిక్ రాయి, హేచరీ క్లౌన్‌లు, నత్తలు, వీటితో ఆగిపోండి. క్లౌన్‌లను హేచరీలో పుట్టించే పద్ధతి మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది. పగడాలు లేకపోయినా ఆ రెండు చేపలే గంటసేపు కూర్చోబెడతాయి. హార్బర్ పక్క నీళ్ళు మాత్రం బకెట్‌తో ముంచి తెచ్చి పోయకండి, వాటిలో నూనె, డ్రైనేజీ కూడా ఉంటాయి.

నా వరకైతే వచ్చే సేల్‌లో 40 గ్యాలన్ల బ్రీడర్ అనే రకం ట్యాంక్ కొందామని చూస్తున్నాను, గోడ దగ్గర కొలతలు కూడా తీసుకున్నాను. స్కిమ్మర్ మాత్రం దానికీ పెట్టను.