చప్పుడు చేయని డిస్కు: పాత డెస్క్‌టాప్‌లలో సాటా ఎస్‌ఎస్‌డీ, కొన్నేళ్ల వాడకం తర్వాత

ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్కు. ఎన్ని జీబీలది తీసుకోవాలి అన్నది అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్‌లోనూ, చుట్టుపక్కల వీధుల్లోనూ తెలిసినవాళ్ల పాత డెస్క్‌టాప్‌లకు నా చేత్తో బిగించిన మామూలు రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీల (హార్డ్ డిస్కు తగిలించే సాటా కేబుల్‌కే తగిలేవి) గురించే ఈ సమీక్ష. ఇది నా వృత్తి కాదు. డ్యూటీ లేని రోజు ఎవరో ఒకరు పిలుస్తారు, స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్తాను. ఆ కంప్యూటర్లకు నేను చేసిన పనులన్నిటిలో ఇంత తేడా చూపించింది ఇంకొకటి లేదు. నన్ను బాగా బాధపెట్టింది కూడా ఇదే.

మా వైపు ఇళ్లల్లో ఇప్పటికీ పనిచేస్తున్నవి ఎక్కువగా 2011, 2012 ప్రాంతంలో కొన్న ఐ3, పెంటియమ్ ప్రాసెసర్ల కంప్యూటర్లు. లోపల హెచ్61 రకం మదర్‌బోర్డు ఉంటుంది. పిల్లల ఇంజనీరింగ్ చదువు కోసం కొన్నారు. చదువులయ్యాయి, పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోయారు, కంప్యూటర్ అమ్మానాన్నల దగ్గర మిగిలింది. విండోస్ 10 ఎక్కించిన దగ్గర్నుంచి ఒకటే ఫిర్యాదు: స్విచ్ వేసి స్నానం చేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుందని. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్కు దగ్గర 100 శాతం, ప్రాసెసర్ దగ్గర పదో పదిహేనో.

దానికి కారణం ఉంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. హెడ్ కావలసిన చోటికి జరిగి, ఆ చోటు తన కిందికి వచ్చేదాకా ఆగడానికి సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు ఎనభై చోట్లకు మించి చూడలేదు. విండోస్ 10 మొదలవుతూనే వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది, అదే సమయంలో అప్‌డేటూ, వైరస్‌లను వెతికే డిఫెండరూ తమ పని మొదలుపెడతాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు కాబట్టి ఆ నిరీక్షణ మొత్తం పోతుంది. హెచ్61 బోర్డులో ఉన్నవి సెకనుకు 3 గిగాబిట్ల సాటా పోర్టులే. పెట్టె మీద సెకనుకు 500 ఎంబీ అని రాసి ఉన్నా దాదాపు సగమే వస్తుంది. అయినా ఇంట్లోవాళ్లకు ఆ తేడా తెలియదు, ఎందుకంటే వాళ్లు ఇంతకాలం ఎదురుచూసింది ఆ చిన్న ఫైళ్ల కోసం. "బోర్డు పాతది, ఎస్‌ఎస్‌డీ పెట్టినా వేస్టు" అని ద్వారకానగర్ షాపుల్లో ఎవరైనా అంటే నమ్మకండి.

బీచ్‌కి దగ్గరగా ఉండేవాళ్లకు ఒక మాట. క్యాబినెట్ తెరిచినప్పుడు ర్యామ్ కూడా తీసి, దాని బంగారు రంగు కాళ్లను పెన్సిల్ ఎరేజర్‌తో రుద్ది పెట్టండి. ఉప్పుగాలికి మరలే తుప్పు పట్టి స్క్రూడ్రైవర్‌కు లొంగని ఇళ్లు చూశాను. అలాంటి చోట ర్యామ్ కాళ్లు శుభ్రంగా ఉంటాయనుకోవడం కష్టం.

ఇక నన్ను బాధపెట్టిన సంగతి.

మా పై అంతస్తులో ఒక తెలుగు మాస్టారు ఉంటారు. రిటైరయ్యాక ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతున్నారు. ప్రశ్నపత్రాలు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో ఆయనే స్వయంగా కొట్టుకుంటారు. ఛందస్సు ప్రశ్నలకు గురు లఘువుల గుర్తులు అక్షరాల నెత్తిన సరిగ్గా కూర్చునేదాకా వదలరు. ఆ సాఫ్ట్‌వేర్ సీడీలు ఎక్కడున్నాయో ఆయనకే తెలియదు కాబట్టి కొత్తగా ఇన్‌స్టాల్ చేసే ఆలోచన పెట్టుకోకుండా సీ డ్రైవ్‌ని ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేశాను. డీ, ఈ డ్రైవ్‌లున్న పాత హార్డ్ డిస్కు అదే క్యాబినెట్‌లో ఉండిపోయింది. చాలాకాలం హాయిగా నడిచింది. ఆయన కనపడిన ప్రతివారికీ చెప్పి ఇంకో ఇద్దరిచేత ఎస్‌ఎస్‌డీలు కొనిపించారు కూడా.

ఒకరోజు పొద్దున్నే ఫోను. "బాబూ, నల్ల తెర మీద తెల్ల అక్షరాలొస్తున్నాయి, ఒకసారి పైకి రాగలవా?" వెళ్లి బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) తెరిచాను. హార్డ్ డిస్కు పేరు కనిపిస్తోంది, దాని పైన ఉండాల్సిన ఎస్‌ఎస్‌డీ పేరు లేదు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, పవర్ వైరు మార్చాను. ఇంటికి తెచ్చి యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి నా ల్యాప్‌టాప్‌కు తగిలించాను. ఉలుకూ పలుకూ లేదు. ముందురోజు రాత్రి పదింటిదాకా ఆయన దాని మీదే పనిచేశారు. నెమ్మదించలేదు, ఆగలేదు, ఏ హెచ్చరికా రాలేదు.

హార్డ్ డిస్కు ఇలా చేయదని కాదు గానీ, చాలాసార్లు ముందే చెబుతుంది. టక్ టక్ మంటుంది, ఫైలు తెరవడానికి తటపటాయిస్తుంది, డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు వస్తుంది. ఆ వ్యవధిలో కావలసినవి బయటికి తీసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ అనగానే అందరూ రాతల పరిమితి (మొత్తం మీద దానిలో ఎంత డేటా రాయొచ్చన్నది) గురించే టెన్షన్ పడతారు. పేరున్న 240 జీబీ రకాల్లో చాలావాటికి ఆ పరిమితి 80 టీబీ (80 వేల జీబీ) దాకా ఉంటుంది. రోజూ 20 జీబీ రాసినా పదేళ్లు దాటుతుంది, మాస్టారి వాడకం రోజుకు అందులో పదో వంతు కూడా ఉండదు. నేను చూసినంతలో ఇళ్లల్లోవి పోయేది అరిగి కాదు. డేటా రాకపోకలు నడిపే లోపలి కంట్రోలర్ చిప్ ఉన్నట్టుండి మొరాయిస్తుంది. దాంతో లోపలి డేటా చెక్కుచెదరకుండా ఉన్నా మన చేతికి రాదు.

మాస్టారి పేపర్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉండేవి. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లో, అంటే పోయిన ఎస్‌ఎస్‌డీలో. హార్డ్ డిస్కులో భద్రంగా మిగిలినవి పాత సినిమాలు, మనవరాలి బారసాల వీడియో.

క్లోన్ చేశాక హార్డ్ డిస్కులోని పాత సీ పార్టిషన్‌ను (సీ డ్రైవ్ ఉన్న భాగాన్ని) చెరపకుండా వదలడం నాకు మొదటినుంచీ అలవాటు. ఆ రోజు ఎస్‌ఎస్‌డీ లేకుండా ఆ పార్టిషన్ నుంచే బూట్ చేశాను. చాలాసేపు తిరిగింది. తిరిగి తిరిగి, క్లోన్ చేసిన నాటి డెస్క్‌టాప్‌ని అలాగే తెచ్చి తెర మీద పెట్టింది. అదే వినాయకుడి వాల్‌పేపరు, అదే వరసలో ఫోల్డర్లు. మాస్టారు కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుని ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుకున్నారు. "సంధులు ఉన్నాయి. సమాసాలు ఉన్నాయి. అలంకారాలు... ఇవి పాతవి బాబూ, తర్వాత చాలా మార్చాను." ఆ మార్పులు ఇక లేవు. జిరాక్స్ షాపుకు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లు కొన్ని దొరికాయి. వాటిలోంచి కాపీ చేసి వర్డ్‌లో పెడితే అంతా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం. అను ఫాంట్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ తెలుగును గుర్తించే ఉమ్మడి పద్ధతి) కాదు కాబట్టి అంతే వస్తుంది. కన్వర్టర్‌లో వేస్తే కొంతవరకు తెలుగైంది గానీ ఒత్తులు చెదిరిపోయాయి. ఆ వయసులో ఆయన మళ్లీ కూర్చుని కొట్టుకున్నారు. వారంటీలో కొత్త ఎస్‌ఎస్‌డీ వచ్చింది, దాని గురించి నాకే ఫిర్యాదూ లేదు. ఆయన వేళ్ల కష్టానికి మాత్రం వారంటీ లేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

అప్పటినుంచి ఎస్‌ఎస్‌డీ బిగించిన ప్రతిచోటా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను డీ డ్రైవ్‌కు మార్చేస్తున్నాను. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్‌కు వెళ్లి, మూవ్ నొక్కితే చాలు. వాడేవాళ్లకు ఏ తేడా కనిపించదు, ఫైళ్లు ఎప్పటిలా డెస్క్‌టాప్ మీదే ఉంటాయి. ఒక్క చిరాకు: కాసేపు వాడకపోతే హార్డ్ డిస్కు నిద్రపోతుంది, ఫైలు నొక్కగానే అది లేచి తిరగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అది కూడా పన్నెండేళ్లు దాటిన డిస్కే కాబట్టి ఆదివారం ఆదివారం పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసుకోమంటాను. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ కంప్యూటర్‌కు తాళం వేసుకునేవాళ్లకు ఇంకొకటి చెబుతాను. జెడెక్ (మెమరీ చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణం ప్రకారం, రాతల పరిమితి పూర్తయిన ఇంటి వాడకం ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక్క సంవత్సరం డేటా నిలుపుకుంటే చాలు. కొత్తది అంతకంటే ఎక్కువకాలమే ఆగుతుంది గానీ, ఉన్న ఒక్క కాపీనీ అందులో పెట్టి బీరువాలో దాచకండి.

మొదట్లో "ఇది పెట్టుకుంటే ఇంకో ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు" అనేవాణ్ని. ఇప్పుడు వేగం సంగతి చూసుకోనక్కర్లేదు అంటున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది, ఈ హెచ్61 యంత్రాలు విండోస్ 11 అర్హతల్లోకి రావు. యూట్యూబ్, మెయిలు, పంచాంగం చాలనుకునేవాళ్లకు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22 (తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం) వేసి ఇస్తున్నాను, దానికి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. పేజ్‌మేకర్ మీద బతికే మాస్టారికి అది కుదరదు. ఆయన యంత్రం విండోస్ 10లోనే, నెట్ కేబుల్ లేకుండా నడుస్తోంది.

కొనవచ్చా అంటే, నా పరిస్థితి వేరు. నాకు తీరిక ఉంది, బిగించినవన్నీ నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి, ఏదైనా అయితే నేనే వెళ్లి చూస్తాను. డీడీఆర్3 ర్యామ్ 4 జీబీ అయినా ఉన్న డెస్క్‌టాప్‌కు ఇప్పటికీ ముందు ఎస్‌ఎస్‌డీయే అంటాను. 2 జీబీ ర్యామ్‌తో నడిచే, అంతకంటే పాత కోర్ 2 డుయో ప్రాసెసర్ కంప్యూటర్‌కు, అదీ షాపులో మజూరీ ఇచ్చి చేయించాలంటే, ఆ డబ్బు దాని మీద పెట్టమని నేను చెప్పను. ల్యాప్‌టాప్ విషయంలో ఇంకా తటపటాయిస్తున్నాను. చాలావాటిలో డిస్కుకు ఒక్కటే చోటు, పాతది బయటికి రావాల్సిందే. దాన్ని యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టుకుని అప్పుడప్పుడూ కాపీ తీసుకుంటామన్నవాళ్లకే బిగిస్తున్నాను. ఆ కేసింగ్ ఖర్చు కూడా ఎందుకన్నవాళ్లకు, ఎంత దగ్గరివాళ్లయినా సరే, బిగించడం మానేశాను.