అల్యూమినియం పార్టిషను వేయించుకునేవారికి హెచ్చరిక: నోటిమాటగా చెప్పే "16 గేజి"ని నమ్మకండి

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి బాల్కనీకి అద్దాల పార్టిషను వేయించడానికి విజయవాడలోని ఒక దుకాణంలో అల్యూమినియం సెక్షన్లు (ఫ్రేముకు వాడే పొడవాటి బద్దలు) కొని, వాళ్లు పంపిన మేస్త్రీతోనే పని చేయించుకున్నాము. సరుకు "16 గేజి (లోహం మందం), 6063 టీ6 (లోహం రకం, దాని గట్టిదనం), అనోడైజ్డ్ బ్రౌన్ (రంగు)" అని యజమాని చెప్పారు. ఆ మాటల్లో కనీసం రెండు నిజం కాదని నాలుగు నెలల తరువాత తెలిసింది. అప్పటికే సొమ్మంతా చెల్లించేశాము.

మొదటి అనుమానం తలుపు పక్కన నిలువుగా ఉన్న బాక్సు (లోపల బోలుగా ఉండే సెక్షన్) దగ్గర వచ్చింది. దాని వెడల్పు వైపు బొటనవేలితో నొక్కితే రేకు డబ్బా మూతలాగా లోపలికి పోయి, వేలు తీయగానే పైకి వస్తోంది. మిగిలిపోయిన ముక్క అంచుకు వెర్నియర్ పెట్టి కొలిస్తే మందం సరిగ్గా 1 మిల్లీమీటరు ఉంది. గేజి సంఖ్య పెరిగేకొద్దీ లోహం పలచబడుతుందని చాలామందికి తెలుసు కానీ, గేజికి ఒకటి కంటే ఎక్కువ పట్టికలు ఉన్నాయని తెలిసినవారు తక్కువ. బ్రిటిష్ పట్టికలో 16 గేజి అంటే 1.63 మిల్లీమీటర్లు, అమెరికన్ పట్టికలో 1.29 మిల్లీమీటర్లు. "మా గేజి లెక్క వేరు" అని యజమాని సమాధానమిచ్చారు గాని, ఆయన ఏ పట్టికను పట్టుకున్నా 1 మిల్లీమీటరు రాదు.

ఈ మోసాన్ని కాటా ఇంకా తేలికగా పట్టిస్తుంది. అల్యూమినియం ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు తూగుతుంది కాబట్టి, నాలుగంగుళాల వెడల్పు, ఒకటి ముప్పావు అంగుళం లోతు గల బాక్సు 12 అడుగుల లెంగ్త్ (కోయని పూర్తి బద్ద) నిజంగా 1.63 మిల్లీమీటర్ల గోడతో ఉంటే సుమారు 4 కిలోల 600 గ్రాములు ఉండాలి. వాడకుండా మిగిలిన లెంగ్త్‌ను మా వీధి చివరి కిరాణా కొట్టు కాటా మీద పెడితే 2 కిలోల 850 గ్రాములు తూగింది. అంటే మేము చెల్లించిన సొమ్ములో మూడో వంతుకు పైగా లోహం మాకు అందనే లేదు.

రంగు విషయం ఇంతకంటే బాధ కలిగించింది. పై ప్లాస్టిక్ పొరను తీస్తుంటే హ్యాండిల్ దగ్గర గోధుమ రంగు ఉల్లిపొరలా దానితోపాటే లేచి వచ్చింది. అనోడైజింగ్ అంటే లోహాన్ని ఆమ్ల ద్రావణంలో ఉంచి విద్యుత్తు పంపి, దాని ఉపరితలాన్నే ఆక్సైడు పొరగా మార్చడం. అది లోహంలో భాగం కనుక అలా ఊడిరాదు. పౌడర్ కోటింగ్ అయినా సరే, శుభ్రంగా కడిగిన లోహానికి పొడి పట్టించి, సుమారు 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాల్చాక గోటితో లేవదు. మాకు పూసింది మామూలు స్ప్రే రంగే.

6063 అనేది మిశ్రలోహం పేరు, టీ6 అనేది దానికి ఇచ్చిన ఉష్ణచికిత్స గుర్తు. ఆ చికిత్సలో సెక్షన్‌ను చల్లార్చిన తరువాత మళ్లీ 175 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు ఉంచితేనే గట్టిదనం వస్తుంది. ఇది కంటికి కనిపించదు. మా సెక్షన్ సంగతి నేను నిరూపించలేను. అందుకే తయారీదారు పరీక్ష ధ్రువపత్రం అడగండి.

బిల్లులో "అల్యూమినియం పార్టిషను, కూలితో సహా" అన్న ఒక్క వరుసే ఉండటం వల్ల దుకాణం వాళ్లు బాధ్యత తీసుకోలేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయించి, ఊడిన రంగు ముక్కలను, మిగిలిన లెంగ్త్‌ను భద్రపరిచాము. మీరు కొనేటప్పుడు మాత్రం గోడ మందం మిల్లీమీటర్లలో, బరువు మీటరుకు కిలోల్లో, పూత రకం, దాని మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) బిల్లు మీదే రాయించుకోండి. ఒక లెంగ్త్‌ను కోత మొదలుపెట్టకముందే మీ ఎదురుగా తూయించండి. కోసిన సెక్షన్‌ను తిరిగి తీసుకోబోమని మాతో చెప్పినట్టే మీతోనూ చెబుతారు.