ఎర్రగా ఉన్నంత మాత్రాన పండినట్లు కాదు: కాలం కాని కాలంలో పండ్లు కొనేవారికి హెచ్చరిక

జ్వరం నుంచి అప్పుడప్పుడే కోలుకుంటున్న మా అమ్మ, నోటికి ఏదీ సహించడం లేదని, రసమున్న పండేదైనా ఉంటే తినాలని ఉందని అనడంతో, వాటి కాలం దాటి నెలలు గడిచాయని తెలిసి కూడా, ఒక పెద్ద దుకాణం నుంచి రెండు డబ్బాల స్ట్రాబెర్రీలు, ఆరు పీచ్ పండ్లు కొని తెచ్చాను. ఒక్కదానికీ మచ్చ లేదు. అన్నీ ఒకే పరిమాణంలో, ఒకే ఎరుపులో నిగనిగలాడుతూ ఉన్నాయి. ఇంటికి వచ్చి ఒక స్ట్రాబెర్రీని నిలువునా కోసి చూసినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. తొడిమ కింద తెల్లటి వలయం, లోపల ముల్లంగి ముక్కలాంటి తెల్లని కండ, నడుమ బోలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేదు, నోట్లో వేసుకుంటే చప్పటి నీళ్లు, చివర కొంచెం పులుపు. రెండు ముక్కలు తిన్న అమ్మ, జ్వరం వల్ల తన నాలుకకే రుచి తెలియడం లేదేమో అనుకొని పళ్లెం పక్కన పెట్టింది. నేను తిని చూశాక, లోపం ఆవిడ నాలుకలో లేదని అర్థమైంది.

పీచ్ పండ్లు గట్టిగా ఉన్నాయి కనుక మాగితే బాగుపడతాయన్న ఆశతో నాలుగు రోజులు వంటింటి బల్ల మీద ఉంచాను. మెత్తబడ్డాయి. కోసి చూస్తే గింజ చుట్టూ కండ గోధుమరంగుకు తిరిగి ఉంది, పిండినా చుక్క రసం రాలేదు, నమిలితే తడి దూదిని నమిలినట్లుంది. దుకాణంలో అడిగితే, కుళ్లినవాటినే వాపసు తీసుకుంటామని, ఇవి కుళ్లలేదు కదా అని మర్యాదగానే చెప్పారు. వారన్నది అబద్ధం కాదు. కుళ్లు, మచ్చ, పురుగు ఉంటే కొనేవారికి ఏదో ఒక దారి ఉంటుంది గానీ, రుచి లేకపోవడమనే లోపానికి ఎవరూ పూచీ పడరు. ఆ బాధ్యత కొనేముందు మనమే తీసుకోవలసి ఉంది కాబట్టి, నేను ఆలస్యంగా తెలుసుకున్న విషయాలను తోటి కొనుగోలుదారుల ముందు పెడుతున్నాను.

మన భాషలో కాయ వేరు, పండు వేరు. కాలం కాని కాలంలో మనం పండు పేరుతో కొంటున్నది చాలాసార్లు రంగు తిరిగిన కాయ మాత్రమే. చెట్టున పూర్తిగా పండినది మెత్తగా ఉంటుంది, దూర ప్రయాణానికి ఆగదు. అందువల్ల రోజుల తరబడి ప్రయాణించవలసిన సరుకును గట్టిగా ఉన్నప్పుడే కోస్తారు. ఆ తరువాత అది పండుతుందా లేదా అన్నది జాతిని బట్టి ఉంటుంది. అరటి, మామిడి వంటివి తమలో పిండి పదార్థాన్ని దాచుకొని ఉంటాయి. కోసిన తరువాత ఇథిలీన్ అనే వాయువు ప్రభావంతో ఆ పిండి చక్కెరగా మారుతుంది, కాబట్టి తగినంత ముదిరిన కాయను మాగబెడితే తియ్యబడుతుంది. స్ట్రాబెర్రీ, ద్రాక్ష, నారింజ, చెర్రీ, అనాస, పుచ్చకాయలకు అలాంటి నిల్వ దాదాపు లేదు. వాటిలోకి తీపి రావలసింది ఆకుల నుంచి, అదీ తొడిమ తెగనంత వరకే. కోసిన స్ట్రాబెర్రీ తరువాతి రోజుల్లో మరింత ఎర్రబడవచ్చు గానీ తీపి మాత్రం పెరగదు. నన్ను మోసగించింది సరిగ్గా ఈ ఎరుపే.

ఈ రెండు వర్గాల నడుమ ఉన్నవాటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పీచ్, ఖర్బూజా కోసిన తరువాత కూడా మెత్తబడతాయి, కొంత వాసన కూడా వస్తుంది, అందువల్ల పండుతున్నాయనే అనుకుంటాం. కానీ వాటిలో పిండి నిల్వ లేనందువల్ల తీపి కోసిన నాడు ఎంత ఉందో అంతే. పీచ్‌కు దీనికి తోడు చలి దెబ్బ ఒకటి ఉంది. దాన్ని 0 డిగ్రీల దగ్గర ఉంచితే కొంతకాలం బాగానే ఉంటుంది గానీ, సుమారు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య వారాల తరబడి ఉంచితే, కండను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థంలో, దాన్ని కరిగించవలసిన మార్పులు గాడి తప్పి, రసం జిగురులో బిగుసుకుపోతుంది. నేను పిండినప్పుడు రాని రసం లోపలే ఉంది, బయటికి రాలేకపోయింది. ఈ చెడు బయటికి కనిపించదు, చలిలో ఉన్నంత కాలం తెలియదు, ఇంటికి తెచ్చి మాగబెట్టాకే బయటపడుతుంది. ఇంట్లోని ఫ్రిజ్ కూడా సాధారణంగా 4 డిగ్రీల దగ్గరే ఉంటుంది కనుక మాగని పీచ్‌ను దానిలో పెట్టకండి.

టమాటా కూడా చలికి ఇలాగే దెబ్బతింటుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన పరిశీలనలో, టమాటాలను 5 డిగ్రీల వద్ద 7 రోజులు ఉంచి మళ్లీ గది వేడిమికి తెచ్చినప్పుడు, చక్కెర, పులుపు పెద్దగా మారకపోయినా, వాసననిచ్చే పదార్థాలు బాగా తగ్గిపోయాయని, వాటిని తయారుచేసే జన్యువులు అణగిపోవడమే కారణమని తేలింది. మనం రుచి అనుకునేదానిలో చాలా భాగం ముక్కుకు చెందినది. నాలుకకు తెలిసేది తీపి, పులుపు వంటి కొన్ని రుచులే, స్ట్రాబెర్రీని స్ట్రాబెర్రీగా గుర్తుపట్టేది వాసన వల్లే. ఆ వాసన పండే క్రమంలో చివరి రోజుల్లో పుంజుకుంటుంది. తొందరపడి కోస్తే ముందుగా పోయేది అదే.

యాపిల్ సంగతి వేరు. 1920ల్లో కేంబ్రిడ్జిలో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ జరిపిన పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం, గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను 1 నుంచి 3 శాతానికి తగ్గించిన చల్లని గదుల్లో యాపిళ్లను నెలల తరబడి, కొన్ని రకాలను దాదాపు ఏడాది వరకు నిల్వ ఉంచుతారు. ఇది మోసం కాదు, ఆరోగ్యానికి హానీ లేదు, నిజానికి చాలా సరుకు పాడుకాకుండా కాపాడుతుంది కూడా. అయితే ఆ గదుల్లో ఎక్కువ కాలం గడిపిన యాపిల్ కరకరలాడుతూనే పరిమళాన్ని కోల్పోతుంది, తిరిగి బయట పెట్టినా పూర్తిగా పుంజుకోలేదు. ఎప్పుడు కోశారో చెప్పే తేదీ పండు మీద ఉండదన్నదే నా అభ్యంతరం. మనకు తెలియవలసిన ఒక్క విషయం అదే, చెప్పనిదీ అదే.

చలికాలపు తక్కువ వెలుతురులో గాజు ఇళ్లలో పెరిగిన మొక్కకు చక్కెర తయారుచేసుకునే శక్తి తగ్గడం, దిగుబడి కోసం, గట్టిదనం కోసం ఎంచిన రకాల్లో రుచి వెనకబడటం కూడా కారణాలే. టమాటాలు ఒకేలా రంగు తిరగాలని దశాబ్దాల పాటు ఎంచుకుంటూ వచ్చిన ఒక జన్యు మార్పు, కాయలో పచ్చదనాన్ని తగ్గించి, తద్వారా చక్కెరను కూడా తగ్గించిందని 2012లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. కంటికి ఇంపు కోసం నోటి రుచిని వదులుకున్నాం, అదీ మనల్ని ఎవరూ అడగకుండానే.

కాబట్టి కొనేటప్పుడు పైరంగును నమ్మకండి. స్ట్రాబెర్రీ డబ్బాను తిరగేసి కింది వరుసను, ఆకుల కింద భుజాలను చూడండి. అక్కడ తెలుపు ఉంటే దించేయండి. పీచ్ మీది ఎరుపు ఎండ తగిలిన చోట, రకాన్ని బట్టి వచ్చేది, పక్వతకు గుర్తు కాదు. తొడిమ దగ్గర ఎరుపు లేని చోట ఆకుపచ్చ ఛాయ ఉంటే ముందే కోశారన్నమాట. తోలు మీద వలలాంటి గీతలుండే ఖర్బూజా పండితే తనంతట తానే తొడిమ నుంచి విడిపోతుంది గనుక అక్కడ నున్నని గుంట ఉండాలి. తొడిమ ముక్క అంటుకొని ఉంటే దాన్ని కత్తితో కోసి ఉంటారు. నారింజ తోలు రంగును ఇథిలీన్‌తో మార్చవచ్చు, లోపలి తీపిని మార్చలేరు, అందువల్ల చేతిలో బరువు చూసుకోవడం మేలు. అన్నిటికంటే ముఖ్యంగా వాసన చూడండి. చల్లని అరలోంచి తీసిన వెంటనే వాసన సరిగా తెలియదు కాబట్టి కొంతసేపు చేతిలో పట్టుకొని మళ్లీ చూడండి. ఎక్కువ మొత్తంలో కావాలంటే ముందు ఒక్కటి కొని, కోసి తిని, నచ్చితేనే మిగతావి తీసుకోండి.

కాలం కాని కాలంలో ఆ పండే కావాలని మనసు లాగితే, గడ్డకట్టించి అమ్మే స్ట్రాబెర్రీలను ప్రయత్నించండి. అవి ప్రయాణంలో నలుగుతాయన్న భయం ఉండదు గనుక సాధారణంగా బాగా పండాకే కోసి, వెంటనే గడ్డకట్టిస్తారు. కరిగాక మెత్తబడి ఆకారం పోతుంది, కొరుక్కు తినడానికి బాగుండవు, గుజ్జుగానో రసంగానో తీసుకోవాలి. పొట్లం వెనుక చక్కెర కలిపినట్లు రాసి ఉందేమో కూడా చూసుకోండి. మరుసటి వారం నేను వాటితోనే రసం తీసి ఇచ్చాను. మొదటి గుక్కలోనే అమ్మ, తన నోటికి రుచి తెలుస్తోందని చెప్పింది.