సిప్సికా, ముగ్గురు బుల్లి మిత్రులా: పిల్లలకి ముందు ఏది చదవాలి?

ఎస్టోనియా పిల్లల రచయిత ఎనో రౌద్ (1928–1996) పుస్తకాల్లో ముందు ఏది చదివి వినిపించాలని ఎవరైనా అడిగితే నాకు రెండు పేర్లే నోటికొస్తాయి. ఒకటి 1962లో వచ్చిన 'సిప్సిక్'. రెండోది 1972లో మొదలై నాలుగు భాగాలుగా సాగిన 'నక్సిత్రల్లిద్', అంటే పైన చెప్పిన ముగ్గురు బుల్లి మిత్రుల కథ. రెండింటికీ బొమ్మలు వేసింది ఎద్గార్ వాల్తెరే, కాబట్టి ఆ విషయంలో పేచీ లేదు.

సిప్సిక్ ఒక గుడ్డబొమ్మ. చెల్లెలు అను పుట్టినరోజుకని అన్న మార్ట్ తన చేతులతోనే తయారుచేస్తాడు. (అను! మన ఇళ్ళలో పేరే. పిల్లలకి పరాయి దేశం కథ అనిపించదు.) చారల బట్టలేసుకున్న ఆ బొమ్మ మాటలు మొదలుపెడుతుంది. అన్నీ చిన్న చిన్న కథలే, రాత్రి పడుకునే ముందు ఒకటి చాలు. భయం లేదు, టెన్షన్ లేదు.

నక్సిత్రల్లిద్ దారి వేరు. ఐస్‌క్రీం బడ్డీ దగ్గర ముగ్గురు చిన్న మనుషులు కలుస్తారు. కింగ్‌పోల్ బూట్లకి ముందు భాగం ఉండదు, కాలివేళ్ళు హాయిగా ఆడించుకోవాలి కదా! సమ్మల్‌హబె గడ్డమంతా నాచు, అందులో పిట్ట గూడు కూడా పెడుతుంది. మూడోవాడు ముహ్వ్. ఎర్ర వ్యాన్‌లో ఒంటరిగా తిరుగుతాడు. ఉత్తరాలు రాసేవాళ్ళెవరూ లేక తనకి తనే రాసుకుంటాడు. నవ్వుతూ చదువుతున్న నాకు అక్కడ గొంతు పట్టేసింది.

ఈ ముగ్గురూ ఊళ్ళో పిల్లుల బెడద వదిలిద్దామని వాటిని ఊరి నుంచి దూరంగా తీసుకెళ్తారు. అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత ఎలుకలు పెరిగిపోతాయి. మళ్ళీ ఆ పిల్లులే కావాల్సొస్తుంది! మంచి చేయబోతే చెడు జరగడం, చేసినవాళ్ళే దాన్ని సరిదిద్దుకోవడం పిల్లల పుస్తకంలో ఇంత తేటగా చెప్పినవాళ్ళు నాకు అరుదుగా కనిపించారు. ప్రకృతిలో ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయో పాఠం చెప్పినట్టు కాకుండా కథలోనే తెలిసిపోతుంది.

మూడో ఎంపికగా ఆయన భార్య ఐనో పెర్విక్ రాసిన 'కుంక్స్‌మోర్' (1973) కూడా మంచిదే. కానీ అది ఈ రెండూ అయ్యాక.

నా ఓటు నక్సిత్రల్లిద్‌కే. ఐదేళ్ళ పిల్లలైతే మాత్రం సిప్సిక్‌తో మొదలుపెట్టండి. పిల్లులు, ఎలుకల చిక్కు ఆ వయసుకి పెద్దదవుతుంది, కథ కూడా పొడుగు. ఏడెనిమిదేళ్ళొచ్చాక ముగ్గురు మిత్రుల్ని తీయండి, రోజుకి కొంచెం చొప్పున. ముహ్వ్ ఉత్తరాల దగ్గర గబగబా దాటేయకండి. "తనకి తనే ఎందుకు రాసుకుంటున్నాడు?" అని అడుగుతారు, వెంటనే జవాబు చెప్పేయకుండా కాసేపు ఆగండి.