అడవిలో నడుస్తూ చూడాలా, ఒకచోట కూర్చుని చూడాలా?

అడవికి వెళ్లేవాళ్లలో చాలామంది దూరం లెక్క వేసుకుంటారు. ఎన్ని కిలోమీటర్లు నడిచాం, ఎంత ఎత్తు ఎక్కాం అని. పిట్టల్నీ చెట్లనీ జంతువుల్నీ చూడటానికే వెళ్తే ఈ లెక్కతో పనిలేదు. అప్పుడు తేల్చుకోవాల్సింది ఒకటే: ఉన్న రెండు మూడు గంటలూ నడవాలా, మంచి చోటు చూసుకుని కూర్చోవాలా? నా ఓటు కూర్చోవడానికే. మొక్కలు, జంతువుల జాడల విషయంలో తప్ప.

మొక్కల దగ్గర అసలు వాదనే లేదు, నడవాల్సిందే. వాగు ఒడ్డున పెరిగే చెట్లు వేరు, కాస్త పైకెక్కి రాతినేల మీదికి రాగానే కనిపించేవి వేరు. ఈ మార్పు నడిచేవాళ్లకే తెలుస్తుంది. దారిలో రాలిన పూలు చూస్తే తలపైన, కంటికి అందని కొమ్మల్లో ఏం పూసిందో అర్థమవుతుంది. చెట్టు పేరు తెలియకపోతే ముందు ఆకులు కొమ్మకి ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా చూడండి. చాలా అనుమానాలు అక్కడే తీరిపోతాయి. తర్వాత బెరడు, రాలిన కాయ.

జంతువుల జాడలు కూడా నడకలోనే దొరుకుతాయి. పులి, చిరుత, అడవిపిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి వాటి పాదముద్రల్లో మామూలుగా గోళ్ల గుర్తులు ఉండవు. కుక్క జాతి జంతువులైతే ఉంటాయి. బండ మీద పండ్ల గింజలతో నిండిన మలం కనిపిస్తే రాత్రి పునుగుపిల్లి లాంటిదేదో అటు వచ్చిందని ఊహించొచ్చు. పగలు కళ్లబడని జంతువుల గురించి ఇంత తెలియడం చిన్న విషయం కాదు.

పిట్టల దగ్గరికొస్తే లెక్క తారుమారవుతుంది. నడిచేవాళ్లకి ఎక్కువగా కనిపించేది పారిపోతున్న పిట్ట తోక. ఒక పిట్ట హెచ్చరికగా అరిచిందంటే ఆ చుట్టుపక్కల అన్నింటికీ మనం వచ్చినట్టు తెలిసిపోతుంది. అదే ఒక చెట్టుకి ఆనుకుని పదిహేను ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే, మెల్లగా వాటి పనుల్లో అవి పడతాయి. ఏం తింటోంది, దేన్ని తరుముతోంది, పుల్లలు ఎటు మోసుకుపోతోంది, అన్నీ చూడొచ్చు. పది జాతుల్ని లెక్కపెట్టడం కన్నా ఒక పిట్టని పది నిమిషాలు చూడటం నాకు ఎంతో ఇష్టం. కూర్చోవడం వైపు నేను మొగ్గడానికి ముఖ్య కారణం అదే.

అయితే ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటే కాలం వృథా. పండ్లున్న మర్రి, రావి, మేడి చెట్టు దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. ఈ జాతి చెట్లన్నీ ఒకే రుతువులో కాయవు. అందుకే వేరే పండ్లు లేని రోజుల్లో ఒక్క చెట్టు పండినా పచ్చపావురాలు, గోరింకలు, పిగిలిపిట్టలు, కోయిలలు అన్నీ అక్కడికే చేరతాయి. పూసిన బూరుగ, మోదుగ కూడా అంతే. ఎర్రని రంగు పిట్టల కళ్లకి బాగా ఆనుతుంది, తేనెటీగల కళ్లకి ఆనదు. పైగా పూసే వేళకి ఈ చెట్లు ఆకులు రాల్చేస్తాయి కాబట్టి చూపుకి అడ్డమేమీ ఉండదు.

కూర్చోవడంలో పెద్ద నష్టం ఒకటుంది. అడవిలో పురుగులు తినే చిన్న పిట్టలు చాలాసార్లు వేరువేరు జాతులు కలిసి గుంపుగా తిరుగుతాయి. ఏట్రింతలు, వడ్రంగి పిట్టలు, చిన్నచిన్న ఈగపట్టు పిట్టలు, అన్నీ ఒకేసారి. చాలాసేపు ఏమీ వినపడదు, ఉన్నట్టుండి కొమ్మ కొమ్మకీ ఒకటి, కాసేపటికే అంతా ఖాళీ. ఆ గుంపు మనం కూర్చున్న వైపు రాకపోతే ఆ రోజు మంచి అవకాశం పోయినట్టే. నడిచేవాళ్లకి అది ఎదురుపడే అవకాశం ఎక్కువ, కాస్త దూరం వెంట కూడా వెళ్లొచ్చు.

పక్షుల్ని లెక్కించే శాస్త్రవేత్తలూ రెండు పద్ధతులూ వాడతారు. ఒక గీత వెంట నడుస్తూ లెక్కించడం ఒకటి, ఒక బిందువు దగ్గర కొన్ని నిమిషాలు నిలబడి లెక్కించడం ఇంకొకటి. చూసిన పిట్టల జాబితాల్ని ఎవరైనా నమోదు చేసుకునేందుకు 2002లో మొదలైన ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో కూడా నడిచి చూసిన జాబితా, ఒకేచోట ఉండి చూసిన జాబితా విడివిడిగా నమోదు చేస్తాం. మీ పుస్తకంలోనూ ఎంతసేపు, ఎంత దూరం అన్నది రాసుకుంటేనే రెండు రోజుల జాబితాల్ని పోల్చుకోగలుగుతారు.

జింకలు, కొండముచ్చుల్లాంటి జంతువులకీ కూర్చోవడమే మేలు. కాకపోతే గాలి మీ ముఖానికి తగిలేలా కూర్చోవాలి. గాలి మీ మీదుగా అటు వీస్తే జింక మిమ్మల్ని చూడకముందే వాసన పట్టేస్తుంది. కొండముచ్చులు రాల్చిన ఆకులూ పండ్లూ తినడానికి చుక్కల జింకలు కింద చేరతాయి, ఒకదాని హెచ్చరిక రెండోదానికీ పనికొస్తుంది. కదలకుండా ఉన్నవాళ్లకి ఆ అరుపు ఏ వైపు నుంచి మొదలై ఎటు జరుగుతోందో వినపడుతుంది.

నీటి దగ్గర కూర్చునేటప్పుడు వెనక్కి, పక్కకి ఉండండి. జంతువుల దారికి అడ్డమైతే అవి దాహంతోనే తిరిగిపోతాయి. ఒక పిట్ట నోట్లో పురుగు పెట్టుకుని దిగకుండా అరుస్తూ తిరుగుతుంటే గూడు మీ పక్కనే ఉందని అర్థం, వెంటనే లేచి వెళ్లిపోవాలి. ఎలుగుబంట్లు, ఏనుగులు ఉన్న అడవిలో అయితే దారి తెలిసిన మనిషి లేకుండా ఏ పద్ధతీ వద్దు. ఎలుగుబంటి ఉన్నట్టుండి ఎదురుపడినప్పుడే ప్రమాదం ఎక్కువ. అందుకే అలాంటి చోట పొదల మధ్య చప్పుడు లేకుండా నడవడం కన్నా మాట్లాడుకుంటూ నడవడం నయం.

బైనాక్యులర్స్ 8x42 చాలు (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). 10x42లో పిట్ట పెద్దగా కనిపిస్తుంది కానీ చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది, చెట్ల నీడలో వెలుతురు తక్కువ అందుతుంది.

రెండు పద్ధతుల్నీ ఒకే పూటలో కలపాలంటే గడియారం చూసుకోండి. సూర్యోదయం తర్వాత మొదటి రెండు గంటలు పిట్టలు చురుగ్గా ఉంటాయి, అప్పుడు కూర్చోండి. ఎండ ఎక్కాక పాటలు తగ్గుతాయి, సీతాకోకచిలుకలు రెక్కలు వేడెక్కి ఎగరడం మొదలుపెడతాయి, వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి గద్దలు, డేగలు చక్కర్లు కొడతాయి. అప్పుడు లేచి మొక్కల కోసం నడవండి. నలుగురికి మించి ఉంటే మాత్రం అందరూ ఒకేచోట కదలకుండా కూర్చోవడం సాగదు. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒకరి కేక ఒకరికి వినపడేంత దూరంలో వేరువేరు చెట్ల కింద ఉండండి.