పాండిచ్చేరి నీళ్లలో స్కూటర్, ఆదివారం పొద్దున దర్శనం

పాండిచ్చేరి సముద్రంలో సిలిండర్ కట్టుకుని శుక్రవారం రెండు డైవ్‌లు, శనివారం రెండు, ఆదివారం పొద్దున ఆరుకల్లా తిరుమలలో 300 రూపాయల క్యూ. ప్లాన్ మా బావమరిదిది. దుబాయ్ నుంచి పది రోజుల సెలవుకి వచ్చాడు కాబట్టి ప్రతి గంటకీ ఏదో ఒక పని పెట్టుకున్నాడు. నేను అండమాన్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు డైవింగ్ కోర్సు చేసినవాణ్ణి, 18 మీటర్ల దాకే దిగగలను. వాడు టెక్నికల్ డైవర్, అంటే మామూలు డైవర్ల హద్దులు దాటి దిగేవాడు.

వస్తూ వస్తూ వాడు సబ్‌లూ కంపెనీ నీటి స్కూటర్ ఒకటి తెచ్చాడు. నీటి అడుగున మనిషిని లాక్కెళ్లే మోటారు బండి అది, రెండు చేతులతో పట్టుకునేది, రెండు చిన్న ప్రొపెల్లర్లు, 40 మీటర్ల లోతు దాకా పనిచేస్తుంది. బ్యాటరీ 122 వాట్-అవర్లు. 100 దాటింది కాబట్టి విమానంవాళ్ల అనుమతి ముందే తీసుకుని చేతి సంచిలో తెచ్చుకోవాలి. 160 దాటితే ప్రయాణికుల విమానంలోకే రానివ్వరు. పెద్ద స్కూటర్లు కొనేవాళ్లు మోటారు కంటే ముందు ఈ లెక్కే చూసుకోవాలట.

తిరుపతి నుంచి కారులోనే పోయాం. పుత్తూరు దాటుతుంటే "ఏమన్నా విరిగితే వచ్చేటప్పుడు ఇక్కడే కట్టు కట్టించుకుందాం బావా" అన్నాడు. తిరుత్తణి, కంచి, తిండివనం మీదుగా, టిఫిను ఆపుళ్లతో కలిపి ఆరు గంటలు పట్టింది.

మొదటి రాత్రి వైట్ టౌన్‌లో దిగాం. ఫ్రెంచివాళ్ల నాటి ఇల్లు, పసుపు గోడలు, ఫొటోలకి బ్రహ్మాండం. డైవింగ్‌కి వెళ్లేవాళ్లకి మాత్రం దండగ. తడి సూటు ఆరేసుకోను తావు లేదు, బాత్రూంలో నీళ్లు సన్నగా కారతాయి, కారు రెండు వీధుల అవతల పెట్టుకోవాలి. రెండో రాత్రికి ఊరి బయట మామూలు లాడ్జికి మారాం. పెరట్లో కుళాయి, బట్టలారేసే తీగ, మంచం పక్కనే చార్జింగ్ ప్లగ్గు. రిసెప్షన్‌లో యానాం అబ్బాయి. తెలుగు వినగానే చార్జర్ కోసం ఎక్స్‌టెన్షన్ బాక్సు తనే తెచ్చిచ్చాడు. స్కూటర్‌ని ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లతో కడగాలి, లేకపోతే ఉప్పు పట్టేస్తుంది. అందుకే నా లెక్కలో బాల్కనీ కంటే పెరటి కుళాయికే ఎక్కువ మార్కులు.

డైవింగ్ సెంటర్ మీద నాకు సగం మంచి అభిప్రాయమే. పడవ, సిలిండర్లు, ఇన్‌స్ట్రక్టర్ బాగున్నాయి. అయితే "మా దగ్గర పెద్ద స్కూటర్ ఉంది, చార్జి చేసి పెడతాం" అని ఫోన్‌లో చెప్పినవాళ్లు, తీరా వెళ్తే సగం బ్యాటరీతో చూపించారు. నీటి అడుగున బండి ఆగిపోతే తోసుకుంటూ రాలేం కదా. ఎంత దూరం పోయామో అంత దూరం కాళ్లతో ఈదుకుంటూ రావాలి, అంతవరకూ సిలిండర్లో గాలి మిగలాలి. గుహల్లో, మునిగిన ఓడల్లో చాలా దూరం పోయే టెక్నికల్ డైవర్లు అందుకే అదనంగా ఇంకో స్కూటర్ లాక్కెళ్తారని బావమరిది చెప్పాడు. సెంటర్‌వాళ్ల పెద్ద స్కూటర్‌ని శనివారం మధ్యాహ్నానికి చార్జి చేసి ఉంచమన్నాం.

తను తెచ్చిన చిన్న స్కూటర్‌ని బావమరిది శుక్రవారం రెండో డైవ్‌లో నాకిచ్చాడు. మీట నొక్కగానే లాక్కుపోతుంది, వదిలితే ఆగిపోతుంది. కాళ్లకి పనిలేదు, గాలి కూడా తక్కువే ఖర్చయింది. ఒళ్లు కదలకపోవడంతో పది నిమిషాలకి చలేసింది, అది నేను అనుకోనిది. సరదాలో మూతి కిందికి తిప్పితే చెవులు సర్దుకునే లోపే మూడు మీటర్లు దిగిపోయి నొప్పెట్టింది. ఇంకోసారి అడుగుకి దగ్గరగా పోతే బురద లేచి చుట్టూ టీ డికాక్షన్‌లా అయింది. పైకి వచ్చేటప్పుడు మాత్రం స్కూటర్ ఆపేయాలని ఇన్‌స్ట్రక్టర్ ముందే గట్టిగా చెప్పాడు. ఆ వేగంతో పైకొస్తే ప్రాణం మీదికొస్తుంది.

సాయంత్రం టీ తాగుతూ ఆదివారం ప్లాన్ చెబితే ఇన్‌స్ట్రక్టర్ గ్లాసు కింద పెట్టాడు. "కొండ ఎత్తెంత సార్?" తిరుమల దాదాపు 850 మీటర్లు. చాలాసార్లు దిగినవాళ్లు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల నియమం. ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా పోవాలి, పైన గాలి ఒత్తిడి తగ్గితే అది బుడగలు కట్టొచ్చు. ఆ 18 గంటల లెక్క సుమారు 600 మీటర్ల ఎత్తు నుంచే వర్తిస్తుందట. ఘాట్ రోడ్డులో కారెక్కడమూ అలాంటిదేనని మా ఇద్దరికీ తట్టలేదు. తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు కొండెక్కడం ఒక ప్రయాణంలా ఎప్పుడూ అనిపించలేదు మరి.

శనివారం మధ్యాహ్నం డైవ్ నుంచి మూడింటికి బయటికొస్తే ఆదివారం ఆరింటికి పదిహేను గంటలే. "టికెట్లు వదిలేద్దామా బావా?" అన్నాడు. నెలల ముందు తీసిన టికెట్లు, ఏడుగురికి. మా అత్తకి ఎవరు చెప్పాలి? శనివారం పొద్దున ఒక్క డైవ్ చేసి తొమ్మిదిన్నరకి పైకొచ్చేశాం. మధ్యాహ్నానికి ఆ పెద్ద స్కూటర్ నిండా చార్జి అయిందట. సామాన్లు కారులో సర్దుతుంటే వాళ్లే ఫోన్ చేసి చెప్పారు.