ఎనిమిది వారాల క్లాసులా, పది రోజుల మౌనమా?

1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ బౌద్ధ ధ్యానాన్ని ఆసుపత్రి గుమ్మం ఎక్కించాడు. తిరగబెట్టే డిప్రెషన్ కోసం దానికి కాగ్నిటివ్ థెరపీని, అంటే ఆలోచనల తీరును సరిచేసే మాటల చికిత్సను కలిపితే ఎంబీసీటీ (మైండ్‌ఫుల్‌నెస్ ఆధారిత కాగ్నిటివ్ థెరపీ) అయింది. ఎనిమిది వారాల క్లాసులు ఇవే. ఇటు ధ్యాన గురువు గోయెంకా గారి విపశ్యన, పది రోజుల మౌన ధ్యాన శిబిరం. హైదరాబాద్‌లోనూ, నాగార్జునసాగర్‌లోనూ కేంద్రాలున్నాయి.

ఖర్చు: ఎంబీసీటీకి మామూలుగా ఫీజు కట్టాలి. విపశ్యనలో తిండి, బస కూడా ఉచితం. చివర్లో ఇష్టమైతే విరాళం.

శ్రమ: ఎంబీసీటీలో వారానికో క్లాసు, రోజూ ఇంట్లో సాధన. మొదట్లోనే ఒక్క ఎండుద్రాక్షను చేతిలో పెట్టి, చూసి, వాసన చూసి, మెల్లగా నమలమంటారు. నవ్వొస్తుంది గానీ, రోజూ అన్నం ఎలా మింగేస్తున్నామో అప్పుడే తెలుస్తుంది. విపశ్యనలో తెల్లవారుజామున నాలుగింటికే గంట. రోజుకు దాదాపు పది గంటల ధ్యానం, ఫోన్ లేదు, మాటల్లేవు. మోకాళ్లు మొరపెట్టుకుంటాయి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఎంబీసీటీలో పాత గాయం పైకి తేలితే పక్కన శిక్షణ పొందిన థెరపిస్టు ఉంటారు. శిబిరంలో ఉండేది ధ్యాన గురువు, డాక్టర్ కాదు. తీవ్ర మానసిక సమస్యలుంటే రావద్దని వాళ్లే చెబుతారు, దరఖాస్తులో దాచకండి.

డిప్రెషన్ మూడుసార్లో, అంతకంటే ఎక్కువో వచ్చి తగ్గినవాళ్లకు ఎంబీసీటీ. మనసు కుదురుగానే ఉండి, లోతుగా చూసుకోవాలనుకుంటే విపశ్యన. ఇప్పుడే డిప్రెషన్‌లో మునిగి ఉంటే ముందు సైకియాట్రిస్టు దగ్గరికి. మందులు సొంతంగా ఆపొద్దు.